నారి దెబ్బకు ఒక పేరు

మొన్న మా మనవడు స్పంజి పరుపు కొనుక్కొచ్చాడు. కూర్చుంటే లోపలికి పోతుంది, లేస్తే మళ్లీ పైకొస్తుంది. కొత్తల్లుడిలాగ మర్యాదే తప్ప మాట లేదు. దూదేకుల ఇంట్లో పుట్టినవాణ్ని, మోగకుండా తయారైన పరుపు మీద నాకు నిద్రెట్లా వస్తుంది?

నైజాం జమానాలో, వనపర్తిలో మా నాయన దూదేకే విల్లు వాసానికి వేలాడుతుండేది. కర్రగుండుతో కొడితే నారి ఇల్లంతా మోగేది, కుప్పలోని దూది రేగి పొగలా లేచేది. మా ఇంట్లో ఒక వాడుక: దెబ్బ పడినప్పుడల్లా లోగొంతుతో "అల్లా" అనాలి. అదే జికర్, దేవుణ్ణి తలచుకోవడం. మా పెదనాయన మాత్రం ఉర్దూ బడిలో పంతులు, తర్కం చదివినవాడు. ఆయన బెత్తం ఉన్నచోటే చదువూ ఉండడంతో నేను రెండింటికీ తొందరగానే ఆఖరి సలాం కొట్టాను. సాయంత్రం బడి వదలగానే ఆయన వచ్చి, షేర్వానీకి దూది అంటకుండా గడపలోనే కూర్చుని వాదన మొదలుపెట్టేవాడు.

"దూది ఎందుకు లేస్తుంది? నారి కొట్టింది. నారిని చెయ్యి కొట్టింది. గట్ల ఎనకకు పోతే, ఎవ్వలు కదిలియ్యకున్న అన్నిటిని కదిలించెటోడు ఒక్కడుండాలె. ఇది దలీల్, రుజువు. అల్లాను గిట్ల తెలుసుకోవాలె."

"గంత దూరం నడిచిపోతవెందుకన్నా? నేను పిలుస్తున్న, ఆయన ఈడనే ఉన్నడు," అనేవాడు నాయన.

"మీ ఇద్దర్ల ఎవలికి దొరికినా జర నాకు గూడ చెప్పుండ్రి," అనేవాణ్ని నేను. దూది కుప్పలో పొర్లుతున్న మా చెల్లె పకపకా నవ్వేది.

కలరా గత్తర వచ్చిన ఏడు ఆ చెల్లె ఒక్క పూటలో పోయింది. మట్టి చేసి వచ్చిన కొన్నాళ్లకు నాయన మళ్లీ విల్లు పట్టాడు. దెబ్బ పడింది, పేరు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

"నోరు తిరుగుతలేదన్నా. పిలుద్దామని లోపల చూస్తే ఎవ్వలు లేరు."

ఇక దలీల్ మొదలవుతుందని భయపడ్డాను. పెదనాయన షేర్వానీ విప్పి కొయ్యకు తగిలించి, వచ్చి దూదిలో కూర్చున్నాడు.

"నువ్వు కొట్టు తమ్మీ. నీ నోటికొచ్చేదాంక ఆ పేరు నేనంట."

అప్పటి నుంచి సాయంత్రాలన్నీ అట్లాగే గడిచాయి. రుజువులే తప్ప జికర్ అలవాటు లేని మనిషి. ప్రతిసారీ తాళం తప్పేవాడు. దెబ్బ పడి, లేచిన దూదంతా కిందికి దిగాక ఎప్పుడో "అల్లా" అనేవాడు.

"రైలు పోయినంక టికెట్ కొంటవేంది పెదనాయనా? నీ దలీలేమాయె?" అని ఏడిపించబోయాను.

"దలీల్ గోరీ దాంక వచ్చి నిలబడ్డది బిడ్డా. లోపటికి వస్తలేదు."

నేను చెదిరిన దూదిని మళ్లీ నారి కిందికి తోశాను.

నాయన నోట ఆ పేరు వినకుండానే, వానాకాలంలో పెదనాయన పోయాడు. మట్టి ఇచ్చిన మర్నాడు నాయన విల్లు ముందు కూర్చున్నాడు. ఒక దెబ్బ కొట్టి ఆగాడు. గడప వైపు చూశాడు. దూదంతా దిగాక, "అల్లా" అన్నాడు. సరిగ్గా వాళ్లన్న పలికినంత ఆలస్యంగా. పిలిచింది దేవుణ్ణో, అన్ననో నేను అడగలేదు.

ఇప్పుడు వాళ్లిద్దరి వయసూ దాటి, ఈ మోగని పరుపు మీద పడుకుని అనుకుంటాను: కాలమూ మా పెదనాయన లాంటిదే. దెబ్బ పడిన చాలాసేపటికి గాని దాని పేరు పలకదు.