తలాడించకూడని పరీక్ష

పాలాయన గేటుకు సంచీ తగిలించి పోయే వేళకు నేను చైనా పిల్లల ముందు కూర్చుని ఉంటాను. మనకింకా సరిగ్గా తెల్లవారదు గానీ వాళ్లకు అప్పటికే బడి గంట కొట్టేస్తారు. హసన్‌పర్తి దగ్గర ఒక జూనియర్ కాలేజీలో ఏళ్ల తరబడి ఇంగ్లీషు చెప్పాను. ఆ కాలేజీ మూతపడ్డాక ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటే, ఒకప్పుడు నా క్లాసులో చేతులు కట్టుకుని నిలబడ్డ పిల్ల హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. తను పనిచేసే కంపెనీ చైనాలో హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు పరీక్షలు పెడుతుందట. విని ఎంత అర్థం చేసుకుంటారు, చదివి ఎంత అర్థం చేసుకుంటారు, అదీ చూడాల్సింది.

"మీరైతే కరెక్ట్ మేడం. మీ ముందర ఎవ్వలు నక్రాలు చెయ్యరు" అంది. పొగిడిందో తిట్టిందో తెలియలేదు. ఒప్పేసుకున్నాను.

మా ఆయనకు వరంగల్ మార్కెట్ దగ్గర విత్తనాలు, ఎరువుల దుకాణం. సంగతి విని పడీ పడీ నవ్వాడు. "మన దగ్గరి పిల్లలకు రాని ఇంగ్లీషు చైనోళ్లకు చెప్తవా?"

"చెప్పుడు కాదు, పరీక్ష పెట్టుడు. మీరు తినుండ్రి ముందు."

పరీక్ష పద్ధతి కష్టమైందేమీ కాదు. తెర మీద పిల్ల ముఖం నాకు కనిపిస్తుంది, నా ముఖం ఆ పిల్లకు కనిపిస్తుంది. పేర్లుండవు, నంబర్లే. ఇద్దరు మాట్లాడుకుంటున్న రికార్డింగు ఒకటి వినిపిస్తాం. తరువాత నేను ప్రశ్న అడిగితే పిల్ల నోటితో జవాబు చెప్పాలి. ఆ పైన ఒక పేజీ చదివించి దాని మీదా అలాగే అడుగుతాను. నేను 'నెక్స్ట్' అనేదాకా జవాబు మార్చుకోవచ్చు. చివరికి చెప్పిందే లెక్క. కఠినమైన రూలు ఒక్కటే. జవాబు చెబుతున్నంతసేపూ నేను ఏమీ అనకూడదు, నవ్వకూడదు, కనుబొమ్మ కూడా ఎత్తకూడదు. పిల్లలు బెదిరిపోకుండా ఒక మనిషి ముఖం ఎదురుగా ఉండాలి, కానీ ఆ ముఖంలో ఏమీ కనపడకూడదు.

అదేం పెద్ద పని కాదనుకున్నాను. కాలేజీలో నేను వస్తున్నానంటే వరండాలో చప్పుడు ఆగిపోయేది. మూతి బిగించడం నాకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. తెర మూల చిన్న గడిలో నా ముఖం నాకే కనిపిస్తుంటే చిరాకేసి దాన్ని మూసేశాను. ఈ వయసులో పొద్దున్నే లేచి ఆ ముఖం చూసుకోవడం ఎందుకు?

కొద్ది రోజులకే ఆ పిల్లల మీద నాకు ఒళ్లు మండటం మొదలైంది. తెలివి లేక కాదు. చెవులు పెట్టి వింటారు, చకచకా చదువుతారు, చక్కగా సరైన జవాబే చెబుతారు. చెప్పి నా వంక చూస్తారు. చూసి, "సారీ, టీచర్" అని ఆ జవాబు తీసేసి తప్పుది చెబుతారు. ఒకరిద్దరు కాదు, వచ్చిన వాళ్లలో చాలామంది ఇంతే. ఒక్క మాట మీద నిలబడరేమిటి వీళ్లు అనుకునేదాన్ని. మా ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలైతే తప్పు జవాబు చెప్పి కూడా ఇదే కరెక్టని నాతో వాదానికి దిగేవాళ్లు. పరీక్ష చివర మా అభిప్రాయం రాయాలి. నేను పిల్ల తరువాత పిల్లకు ఒకటే రాశాను: ఆత్మవిశ్వాసం లేదు.

వాళ్లలో ఒక పిల్ల నాకు బాగా గుర్తు. జుట్టుకు నీలం క్లిప్పు, బడి వాళ్లిచ్చిన నీలం తెలుపు ట్రాక్ సూటు. బల్ల మీద గడ్డం దాకా పుస్తకాల దొంతర, పక్కన వేడినీళ్ల ఫ్లాస్కు. వెనక కిటికీలోంచి మైకులో డ్రిల్లు పాట వినిపిస్తోంది. పరీక్షకు ముందు భయం పోవడానికి రెండు మాటలు మాట్లాడించాలి, అది మాత్రం రూలు ఒప్పుకుంటుంది. ఇంట్లో ఎవరెవరుంటారని అడిగాను.

నానమ్మతో ఉంటానని చెప్పింది. అమ్మా నాన్నా ఎక్కడో దూరపు ఫ్యాక్టరీలో పని చేస్తారట. అక్క పట్నంలోని పెద్ద బడిలో చదువుతోంది. ఈ పరీక్ష నెగ్గిన వాళ్లను ఆ పెద్ద బడికి పంపుతారు. "పాసైతే మా అక్క దగ్గరికి వెళ్తాను టీచర్. అక్క హాస్టల్లో తన పక్క మంచం ఖాళీగా ఉంచమని అడిగింది" అంది. ఇంగ్లీషులో తడుముకుంటూ చెప్పినా అంతా చెప్పింది. నాకు ముచ్చటేసింది. మూతి మాత్రం బిగించే ఉంచాను.

పరీక్షలో ఆ పిల్లా అంతే. రికార్డింగులో ఆవిడ ఎక్కడ ఎదురుచూస్తానంది అని అడిగితే "గేటు దగ్గర" అంది. సరైన జవాబు. నా వైపు చూసింది. ముఖం చిన్నబోయింది. "సారీ, టీచర్. షాపు దగ్గర." చదివే పేజీ మీద కూడా దాదాపు ప్రతి జవాబూ చెప్పి తీసేసింది. పాపం అనిపించింది, కోపమూ వచ్చింది. ఆత్మవిశ్వాసం లేదు అని ఆమెకు కూడా రాసి ముగించాను.

తరువాతి వారం నా పాత విద్యార్థిని మళ్లీ ఫోన్ చేసింది. గొంతులో నసుగుడు ఉంది.

"మేడం, మీరు పరేషాన్ కావద్దు. మీ బ్యాచుల ఏదో తేడా కొడ్తాంది. పిల్లలు ఫస్ట్ కరెక్టే చెప్తాన్రు, తర్వాత మార్చుతాన్రు. వేరే టెస్టర్ల దగ్గర గిట్ల లేదు. రికార్డింగు ఒక్కసారి చూడుండ్రి."

నా దగ్గర తప్పేముంటుందని రుసరుసలాడుతూనే పెట్టి చూశాను. నీలం క్లిప్పు పిల్లదే వచ్చింది ముందు. ఈసారి తెర మీద ఇద్దరం పక్కపక్కన ఉన్నాం. ఆ పిల్ల "గేటు దగ్గర" అంది. ఇటుపక్క ఉన్న ఆడమనిషి, మూతి బిగించుకున్న నేనే, తలాడించింది.

మా వైపు తలాడించడం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కాదనడానికి ముఖం అటూ ఇటూ తిప్పుతామే, అది కాదు. తల ఒక భుజం వైపు వాలుతుంది, మళ్లీ రెండో భుజం వైపు. వింటున్నాను, చెప్పు, ఇంకా చెప్పు అని అర్థం. మా ఆయన దుకాణంలో రోజంతా చేసేది అదే. కేసముద్రం వైపు నుంచి వచ్చిన రైతు పత్తికి పట్టిన పురుగు గురించి మొదలుపెట్టి అల్లుడి దాకా చెప్పుకుపోతాడు, ఈయన గంగిరెద్దులా తలాడిస్తూనే ఉంటాడు. ఒక్క క్షణం ఆపితే రైతు కూడా ఆపేసి, "ఇంటానవా సేటూ?" అంటాడు. మాట వినేటప్పుడు తల కదలకపోతే మా దగ్గర అది తలబిరుసుతనం. నేను కాలేజీలో ఎంత గీరగా ఉన్నా, పిల్ల లేచి జవాబు చెబుతుంటే నా తల ఆడుతూనే ఉండేదన్నమాట. మా పిల్లలకు అది తెలుసు గనక ధైర్యంగా చెప్పుకుపోయేవారు.

చైనా పిల్లకు అదెలా తెలుస్తుంది? ఎదురుగా టీచర్, ముఖంలో నవ్వు లేదు, తల మాత్రం ఇటూ అటూ ఊపుతోంది. తప్పు, తప్పు అంటోందని అనుకుంది. నేను చెప్పు బిడ్డా అంటున్నకొద్దీ ఆ పిల్ల తన సరైన జవాబులు ఒక్కొక్కటే తీసేసుకుంది. మూతి బిగించాను, కనుబొమ్మలు బిగించాను, మెడ సంగతే మరిచిపోయాను.

నాకు తల కొట్టేసినట్లయింది. మిగతా రికార్డింగులు కూడా చూశాను. అందరిలోనూ అదే. ఆత్మవిశ్వాసం లేదని రాశానే, ఆ ఉన్న విశ్వాసాన్ని ఎవరు తీశారు?

హైదరాబాదుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్లు చెప్పాను.

"మేడం, మీరు నోరు తెరవలే, నవ్వలే. తల ఊపుడు రూల్ల లేదు. ఇప్పుడు గిది ఆ బడోళ్లకు చెప్తే అన్ని పరీక్షల మీద అనుమానం వస్తది. ఇడిచిపెట్టుండ్రి. జర ఇగ నుంచి కదలకుండ కూసుంటే సరిపోతది."

"ఇడిచిపెడితే ఆ పిల్ల ఏం గావాలె? అక్క మంచం కాళీ పెట్టుకొని చూత్తాంది అక్కడ! నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

నా గొంతు కాలేజీ నాటి గొంతై ఉంటుంది. నా పాత విద్యార్థిని "సరే మేడం, సరే మేడం" అని ఫోన్ పెట్టేసింది. తన ఉద్యోగం కూడా దీంట్లో ఇరుక్కుని ఉందని నాకు తెలుసు. అయినా వదల్లేదు. రోజూ ఫోన్ చేసి సతాయించాను. చివరికి నా దగ్గర పరీక్షకు కూర్చున్న పిల్లలకు ఇంకోసారి పరీక్ష పెట్టడానికి పై వాళ్లు ఒప్పుకున్నారు. దాంతోపాటు కొత్త రూలు పెట్టారు. ఇక మీదట పరీక్ష పెట్టేవాళ్ల కెమెరాలు ఆపేయాలి. పిల్లలకు గొంతు తప్ప ఏమీ ఉండకూడదు. మనుషులు చాలక నీలం క్లిప్పు పిల్లను మళ్లీ నాకే ఇచ్చారు.

ఆ పొద్దున నాకు కాస్త తేలిగ్గానే ఉంది. ఇక నా మెడ ఏమైనా చేసుకోనీ, ఎవరికి కనిపిస్తుంది? పిల్ల తెర మీదికి వచ్చింది. అదే ట్రాక్ సూటు, అదే క్లిప్పు, అవే పుస్తకాలు. నా ముఖం ఉండాల్సిన చోట నల్లటి గడి ఉంటుంది కాబోలు, కాసేపు దాన్నే వెతుకుతున్నట్లు చూసింది. నేను పలకరించాను. బాగున్నాను టీచర్ అని ఊరుకుంది. ఈసారి అక్క మాట ఎత్తలేదు.

కొత్త రికార్డింగు వినిపించాను. ఒకాయన గొడుగు పోగొట్టుకుని భార్యతో మాట్లాడుతుంటాడు. గొడుగు ఎక్కడ మరిచిపోయాడని అడిగాను.

"బస్సులో" అంది వెంటనే. సరైన జవాబు. నా ప్రాణం లేచి వచ్చింది. ఇక్కడ నా గదిలో నేనొక్కదాన్నే కూర్చుని, ఎవరికీ కనపడకుండా, తల తిరిగిపోయేంతగా తలాడించాను. అదే మాట మీద ఉండు బిడ్డా అనుకున్నాను.

పిల్ల నల్ల గడిలోకి చూస్తూనే ఉంది. పెదవి కొరుక్కుంది. తరువాత నెమ్మదిగా అంది, "సారీ, టీచర్. ఆఫీసులో."

ఇక నా వల్ల కాలేదు. రూలు సంగతి తరువాత చూసుకుందామని, ఎందుకు మార్చావు అని అడిగేశాను.

ఆ పిల్ల ఉలిక్కిపడింది. తప్పు చేసి దొరికినట్లు తల దించుకుంది. "మీరు ఏమీ అనలేదు టీచర్. అందుకే తప్పేమో అనుకున్నాను."

ఆ తరువాతి ప్రశ్నలన్నిటికీ ఆమె అదే చేసింది, ఇంకేమన్నా అంటే పరీక్షే చెల్లదని నేను 'నెక్స్ట్' అంటూ పోయాను. అభిప్రాయం రాసే చోట మొదట చెప్పిన జవాబులే లెక్కలోకి తీసుకోండని బతిమాలుతూ రాశాను. చివరికి చెప్పిందే లెక్క అని హైదరాబాదు నుంచి జవాబు వచ్చింది. ఆ పిల్ల నానమ్మ దగ్గరే ఉండిపోయింది. హాస్టల్లో ఆ మంచం ఈపాటికి ఇంకెవరికో ఇచ్చేసి ఉంటారు.

ఆ కబురు తెలిసిన రోజున మా ఆయన దుకాణం తెరవడానికి ముందు టిఫిన్ చేస్తున్నాడు. నా ముఖం చూసి, "ఏమైందే, గట్లున్నవ్?" అన్నాడు. ఎదురుగా కూర్చుని మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను. పిల్ల సంగతి, అక్క సంగతి, నల్ల గడి సంగతి. ఆయన ఉప్మా నములుతూ, ఎప్పటిలాగే, మెల్లగా ఆ భుజం వైపు ఒకసారి ఈ భుజం వైపు ఒకసారి తలాడిస్తూ వింటున్నాడు. పెళ్లయిన నాటి నుంచి ఎరిగిన తల అది. అయినా నా మాట మధ్యలోనే ఆగిపోయింది. ఇంతసేపూ చెప్పిందంతా తప్పేమో అనిపించింది.

ఆయన చెంచా పక్కన పెట్టి అయోమయంగా నా వంక చూశాడు.

"ఆపినవేందే? నేనేమన్న అన్ననా?"