పెద్దకడుబూరు గొడుగు, వసంత వేసిన అతుకు

ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. నేసేటప్పుడు పోగు తెగితే అతుకుతారు. అతికినట్టు ఎవరికీ చెప్పరు. కొనేవాళ్లు చీరను వెలుతురుకు ఎత్తి చూసినా అతుకు కనిపించకూడదు. కనిపించిందా, ఆ ఇంటి ఆడపిల్లల వేళ్లు మొద్దువని వీధంతా చెప్పుకుంటుంది. శేషన్న కూతురు వసంతవి అలాంటి వేళ్లు కావు. పలక పట్టకముందే పోగు పట్టినవి. ఆ మంచి వేళ్లే ఒకసారి ఆమె కొంప ముంచబోయాయి.

వసంత ఆదోనిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, కొన్నాళ్లు మొబైల్ షాపులో పగిలిన అద్దాలు మార్చింది. పెద్దకడుబూరు దాటాక మెట్టచేలలో ఒక పెద్ద డిష్ కడుతున్నారనీ, మనుషులు కావాలనీ తెలిసి అక్కడ చేరింది. చుట్టుపక్కల వాళ్లు దాన్ని గొడుగు అంటారు. గొడుగులో సినిమాలొస్తాయా అని అడిగినవాళ్లకు మొదట్లో ఓపికగా వివరించేది. ఓపిక అయిపోయాక, "వస్తాయి, కాకపోతే చానా పాతవి" అనడం మొదలుపెట్టింది. అందులో అబద్ధమేమీ లేదు. ఆ గొడుగులో పడే కబుర్లు మనిషి పుట్టకముందు బయలుదేరినవి.

ఆ గొడుగు ఆకాశాన్ని చూసేది కాదు, వినేది. నక్షత్రాల ఆవలి నుంచి వచ్చే రేడియో అలలను పడుతుంది. ఒంటరిగా అయితే దానికి అంతా మసకే. అందుకే ఒకదానికొకటి వందల, వేల మైళ్ల దూరంలో ఉన్న ఇలాంటి డిష్‌లన్నీ ఒకే వేళకు ఒకే చోటికి తిరుగుతాయి. ఏ అల ఏ క్షణంలో వచ్చిందో ఎక్కడికక్కడ రికార్డు చేస్తారు. తర్వాత ఆ రికార్డులన్నిటినీ ఒక కేంద్రంలో పక్కపక్కన పెట్టి క్షణానికి క్షణం పొంతన చూస్తారు. పొంతన కుదిరితే అవన్నీ కలిసి, వాటి మధ్య దూరమంత వెడల్పున్న ఒక్క డిష్‌లా పనిచేస్తాయి. కుదరకపోతే ఎవరి గొడుగు వారిదే.

క్షణం తప్పితే అంతా తప్పినట్టే. అందుకని ప్రతి చోటా ఒక పరమాణు గడియారం ఉంటుంది. పెద్దకడుబూరులో దాన్ని చూసుకునేవాడు వీరేష్, ఆదోని మనిషి. ఎవరైనా చెప్పులతో గడియారం గదిలోకి వస్తే పూజగదిలోకి వచ్చినట్టు మండిపడేవాడు. వాళ్లిద్దరి మీదా అధికారి అరుణకుమారి. కోపం తక్కువ, మాట ఇంకా తక్కువ. పొగిడినా తిట్టినా ఒకే గొంతుతో అనేది కాబట్టి ఆమె ఏది చేసిందో తెలుసుకోవడానికి కాస్త సమయం పట్టేది.

ఆ ఏడు గొడుగు ఇంకా పరీక్ష మీదే ఉంది. మిగతా డిష్‌లతో పొంతన కుదురుతుందని చూపిస్తే ఉంచుతారు. లేదంటే విప్పి, దాని కోసం కాచుకుని ఉన్న వేరే రాష్ట్రానికి పంపేస్తారు. ఈ సంగతి వసంతకు తిన్నా పడుకున్నా మనసులో మెదులుతూనే ఉండేది. ఆ పని అంటే ఆమెకు ప్రాణం. మళ్లీ పగిలిన అద్దాల ముందు కూర్చోవడం ఊహించుకోలేకపోయేది.

ఎండలు ముదిరాక ఒక పొద్దున కేంద్రం నుంచి కబురు వచ్చింది. ఎక్కడో దూరాన ఒక గెలాక్సీ నడిబొడ్డు ఉన్నట్టుండి రగులుకుంది, అందరూ వెంటనే వినాలి అని. రేడియోకు పగలూ రాత్రీ ఒకటే. డిష్‌లన్నీ ఆ పగలే అటు తిరిగాయి. అరుణకుమారి డిష్ తిప్పే గదిలో, వీరేష్ గడియారం దగ్గర, వసంత రికార్డరు ముందు కూర్చున్నారు.

మధ్యాహ్నం దాకా అంతా సవ్యంగా సాగింది. అప్పుడు వెనక కంచె సందులోంచి మేకలు దూరి నేరుగా కేబుళ్ల మీదికి పోయాయి. మేక ఏది పడితే అది నములుతుంది. వసంత లేచి వాటి మీదికి ఉరికింది. వాటిని అదిలిస్తుండగానే కరెంటు పోయింది. గడియారం తన బ్యాటరీ మీద నడిచింది, డిష్‌ను జనరేటరు అందుకుంది. రికార్డరు కింది బ్యాటరీ మాత్రం ముసలిది, చేతులెత్తేసింది. వసంత పరుగున వచ్చి చూస్తే తెర నల్లగా ఉంది. మళ్లీ ఆన్ చేసి, రికార్డింగు పెట్టి, నీలకంఠేశ్వరుడికి దండం పెట్టుకుంది.

సాయంత్రం పని ముగిసి రికార్డింగు ఆపాక చూస్తే రెండు ముక్కలున్నాయి, మధ్యలో ఖాళీ. దాన్ని చూస్తే ఆమెకు ఒళ్లు చిరచిరలాడింది. తెగిన పోగును అలా వదిలేసి లేచిపోవడం ఆ ఇంటి పిల్లకు చేతకాదు. రెండు కొసలూ దగ్గరికి లాగి ఒక్కటి చేసింది. యంత్రం చెప్పినట్టు విని, రెండో ముక్క సమయాలన్నిటినీ మొదటిదాని వెంబడే తిరగరాసుకుంది. డిస్కులో చోటు చాలక పాత ముక్కలను చెరిపేసింది. ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, అది చెప్పుకోవలసిన పనేనని ఆమెకు తట్టలేదు. తిరుగు బస్సులో హాయిగా కునుకు తీసింది కూడా.

వారం తిరక్కుండా కేంద్రం నుంచి జవాబు వచ్చింది. అరుణకుమారి ఇద్దరినీ పిలిచి చదివింది.

"మధ్యాహ్నం దాకా మన రికార్డుకు అందరితో పొంతన కుదిరింది. కరెంటు పోయి వచ్చిన కాడినుంచి ఒక్క చోట గూడా కుదరలేదు. మన గడియారం దూకిందంటాండారు. రేపు సాయంత్రంలోగా కారణం సెప్పకపోతే మనల్ని తీసేస్తారు."

వీరేష్ మొహం పాలిపోయింది. "దూకలేదు మేడమ్. నేను దాని ముందరే కూచోనుండాను. కన్ను గూడా ఆర్పలేదు."

"నువ్వు కూచున్న సంగతి వాళ్లకేం తెలుసు వీరేష్? రికార్డు అట్ల సెప్తాంది."

వీరేష్ వెనుదిరిగాడు. గదిలోకి పోయి, బాగున్న గడియారాన్ని మళ్లీ మొదటినుంచి పరీక్షించడం మొదలుపెట్టాడు. వసంతకు అతన్ని చూస్తే జాలేసింది. పాపం, ఎంత జాగ్రత్తగా ఉన్నా ఇలా అయిందే అనుకుంది. తన పని మాత్రం తప్పులేకుండా చేశానని లోపల ఒక చిన్న గర్వం కూడా కలిగింది. నిజం చెప్పాలంటే ఆ గర్వాన్ని తలుచుకునే ఆమె తర్వాత ఎక్కువగా కుమిలిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి శేషన్న మగ్గం గుంటలో కూర్చుని తనను తానే తిట్టుకుంటున్నాడు. నేసిన గుడ్డలో ఒక చోట ముడుచుకున్నట్టు గీత పడింది.

"ఏమైంది నాయనా?"

"ఏముంది, కండ్లు మసకలు. పోగు తెగింది సూసుకోలేదు. ముక్క పోగు పెట్టి అతకాల్సింది పోయి, కొసలు రెండూ లాగి ముడేసినా. మధ్యలో తగ్గిన పోగు యాడికి పోతుందమ్మా? ఆడినుంచి గుడ్డంతా గుంజుకొనింది."

వసంత కాలి చెప్పులు ఇంకా విడవలేదు. అలాగే గడప మీద కూలబడింది. తగ్గింది యాడికి పోతుంది? తను లాగి కలిపిన ఆ ఖాళీలో సమయం ఉంది. వేల మైళ్ల అవతల ఏ డిష్‌కూ ఆ సమయం ఆగలేదు. పెద్దకడుబూరు రికార్డు మాత్రం అక్కడినుంచి అంత మేర ముందుకు జరిగిపోయింది. గడియారం దూకలేదు. దూకించింది తను.

ఆ పూట అన్నం సయించలేదు. పాత ముక్కలు లేవు. తను నోరు విప్పకపోతే ఏ యంత్రమూ తన పేరు చెప్పదు. గొడుగు పోతే ఎలాగూ అందరి పనీ పోతుంది, చెప్పినా చెప్పకపోయినా ఒకటే కదా అని ఒకసారి అనుకుంది. ఒకటి కాదని ఆమెకు తెలుసు. గడియారం చెడగొట్టిన మనిషన్న పేరు వీరేష్‌ను ఎక్కడికి పోయినా వెంటాడుతుంది.

పొద్దున మొదటి బస్సు పట్టుకుంది. పెద్దకడుబూరు దాకా చెప్పాల్సిన మాట కూడదీసుకుంటూనే ఉంది. తీరా అరుణకుమారి ముందు నిలబడేసరికి కూడదీసుకున్నదంతా ఎగిరిపోయింది.

"మేడమ్, గడియారం బాగుండాది. రికార్డరు ఆగిపోయింటే నేనే మళ్లీ పెట్టి, రెండు ముక్కలూ అతికినాను."

అరుణకుమారి ఆమె వైపు తిరిగింది. "అతికినావా? మధ్యలో ఖాళీ?"

"తీసేసినా."

"అంత పని చేసి ఎవరికీ ఎందుకు సెప్పలేదు?"

"మా ఇండ్లల్లో అతికింది సెప్పుకోరు మేడమ్," అంది వసంత. అన్నాక ఆ మాట ఎంత వెర్రిగా ఉందో తనకే తెలిసి కళ్లనీళ్లు పెట్టుకుంది.

వాకిట్లో నిలబడ్డ వీరేష్ అంతా విన్నాడు. తిడతాడేమోనని వసంత కాచుకుంది. అతను తిట్టలేదు. "ఖాళీ ఎంతసేపుండె అక్కా? ఆఖర్న ఎన్నింటికి ఆపినావు?" అని మాత్రం అడిగాడు.

అదే అసలు చిక్కు. ఖాళీ ఎంతో తెలిస్తే రెండో ముక్కను అంత వెనక్కి జరిపి, మధ్యలో ఉత్త చోటు వదిలేయవచ్చు. ఆఖర్న ఆపిన వేళ తెలిస్తే ఆ లెక్క తేలేది, కానీ వసంత చేత్తో ఆపింది, వేళ చూసుకోలేదు. ఏమీ తెలియకుండా వెతకడమంటే గడ్డివాములో సూది కోసం దేవులాడటమే. కేంద్రంవాళ్లు సాయంత్రం దాటితే ఎదురుచూడరు.

"మళ్లీ చేసి చూద్దాం. నువ్వు వెనక కంచె కాడికి పో. వీరేష్ రికార్డరు ఆపుతాడు. నేను టైము చూస్తా. ఆ పొద్దు ఎట్ల పరిగెత్తినావో అట్లనే పరిగెత్తు," అంది అరుణకుమారి.

"ఆ పొద్దు భయంతో పరిగెత్తినా మేడమ్."

"ఇప్పుడు లేదా భయం?"

ఉంది. కావలసినంత ఉంది. వసంత మండే ఎండలో కంచె దగ్గర నిలబడి, లేని మేకలను అదిలించి, ఆ పొద్దులాగే రికార్డరు ఫ్యాన్ల చప్పుడు ఆగగానే చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ఉరికింది. మెట్టు తట్టుకుని తూలింది. ఆ రోజు కూడా తూలానని అప్పుడు గుర్తొచ్చింది. తెర వెలిగేదాకా వేలు మీటపైనే ఉంచి నిలబడింది. అరుణకుమారి మళ్లీ చేయమంది. మళ్లీ చేసింది. మూడోసారికి ఊపిరి అందక నేల మీద కూర్చుండిపోయింది. వీరేష్ మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

మూడు పరుగులకూ కొద్దిగా తేడా వచ్చింది. ఖాళీ అన్నిటికన్నా తక్కువ, ఎక్కువ సేపు పట్టిన పరుగుల మధ్యన ఎక్కడో ఉంటుంది, అక్కడ వెతకండి అని అరుణకుమారి కేంద్రానికి ఫోను చేసింది. అవతలివాళ్లు విసుక్కున్నారు. ఆమె తన ఒకే గొంతుతో మళ్లీ అదే చెప్పింది, మళ్లీ చెప్పింది. చివరికి సరేనన్నారు.

ఎదురుచూడటం మొదలైంది. వసంత మనసులో అప్పటికే గొడుగును విప్పేశారు, రేకులు లారీకి ఎక్కించారు. పొద్దు వాలుతుండగా ఫోను మోగింది. అరుణకుమారి విని, రెండుసార్లు ఊఁ కొట్టి, పెట్టేసింది.

"దొరికింది. వెనక్కి జరిపినాక చివరిదాకా పొంతన కుదిరింది. ఉంచుతారంట."

వీరేష్ బల్ల మీద తల వాల్చేశాడు. వసంతకు నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి. అరుణకుమారి మాత్రం కంప్యూటరు ముందు కూర్చుంది.

"మధ్యలో ఖాళీ ఎందుకొచ్చిందో రాసియ్యాల. కరెంటు పోయిందని రాస్తా. అబద్ధం కాదు కదా."

అబద్ధం కాదు. కానీ అలా రాస్తే గడియారం మీద అనుమానం మిగిలే ఉంటుంది. వీరేష్ తలెత్తలేదు, అడగలేదు. అడగకపోవడమే వసంతకు గుచ్చుకుంది.

"అట్లొద్దు మేడమ్. గడియారం ఒక్క క్షణం గూడా తప్పలేదు, వసంత అతికింది అని రాయండి. నా పేరు పెట్టే రాయండి."

"పేరు రాస్తే నిన్ను రికార్డరు కాడ కూచోబెట్టొద్దంటారు."

"తెలుసు మేడమ్."

అరుణకుమారి రాసింది. కేంద్రంవాళ్లు ఆమె అన్నట్టే చేశారు.

తర్వాతిసారి డిష్‌లన్నీ కలిసి ఆకాశం వైపు తిరిగిన రోజున రికార్డరు ముందు వీరేష్ కూర్చున్నాడు. వసంతను గేటు బయట బాట మీద నిలబెట్టారు. మోటారు సైకిళ్ల ప్లగ్గుల్లోంచి ఎగిరే నిప్పు కూడా ఆ గొడుగుకు రొదలా వినిపిస్తుంది. వాటిని దూరంగా ఆపాలి. నెత్తిన కొంగు కప్పుకుని నిలబడి, లోపల తను ఉండవలసిన కుర్చీని తలుచుకుంటూ ఉంది. అంతలో పత్తి చేలకు పోతున్న ఒకాయన బండి మీద వచ్చాడు.

"బండి ఆపేసి నడిపించుకోని పోన్నా. లోపల చుక్కను వింటాండారు."

ఆయన ఇంజను ఆపి, ఆమెను కిందికీ మీదికీ చూశాడు. "వాళ్లు వింటే విననీలేమ్మా. నువ్వేం చేస్తాండావు ఈ ఎండలో?"

వసంత వెనక్కి తిరిగి చూసింది. గొడుగు మెల్లగా, కనిపించీ కనిపించనట్టు, పడమటికి తిరుగుతోంది.

"నేనూ వింటాండానన్నా. వినేదానికే నిన్ను ఆపినా."