గట్టు లేని గుంట

నా చిన్నప్పుడు మాచర్లకు అవతల ఉన్న మా ఊళ్లో పొలాలతో సమానంగా నాపరాళ్ల క్వారీలుండేవి. రాయి అయిపోయిన క్వారీలను అలాగే వదిలేసేవాళ్లు. వాటిలో వాననీళ్లు ఎండాకాలం దాకా నిలిచేవి. రాళ్లు కోసే మిషన్ల దగ్గర మిగిలిన బూడిదరంగు పొడిని ట్రాక్టర్లతో తెచ్చి వాటి చుట్టూ పోసేవాళ్లు. పిల్లల్ని అటువైపు వెళ్లనిచ్చేవాళ్లు కాదు.

మా నాయనమ్మకు రేచీకటి. పగలు సూదిలోకి దారం తానే ఎక్కించుకునేది కానీ, పొద్దు గూకితే మంచం దగ్గర్నుంచి గడప దాకా రావాలన్నా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. ఒక సాయంత్రం మేకపిల్ల కనపడడం లేదని, ఊతకర్ర తీసుకుని ఒక్కతే క్వారీల వైపు వెళ్లింది. మేకపిల్ల దానంతటది ఇంటికొచ్చేసింది. నాయనమ్మ రాలేదు.

చీకటి పడుతుండగా మా నాన్న, బాబాయి, వీధిలో మగవాళ్లు టార్చిలైట్లు పట్టుకుని పరిగెత్తారు. వాళ్ల వెనకే నేనూ పోయాను. ఆ హడావుడిలో నన్ను ఆపినవాళ్లు లేరు. నాన్న "అమ్మా! ఓ అమ్మా!" అని గొంతు చించుకుంటుంటే ఆ కేకలు రాతిగోడలకు తగిలి మళ్లీ మాకే వినపడేవి. బదులు లేదు. బాబాయి నీళ్లున్న గుంట ఒడ్డున కూలబడి, లైటు నీళ్లమీదే వేసి చూస్తున్నాడు. ఆయన దేనికోసం చూస్తున్నాడో నాకు తెలిసింది.

అప్పుడు వచ్చింది పక్కింటి పిన్ని. మాకు చుట్టమేమీ కాదు, బళ్లో సైన్సు చెప్పే టీచరు. వస్తూనే అందరినీ గదమాయించింది.

"ఎక్కడోళ్లు అక్కడ ఆగండి! పొడంతా తొక్కేస్తే ఆమె ఎటుబోయిందో ఎట్టా తెలిసిద్ది?"

"ఆగేదేంది టీచరమ్మా, అక్కడ మా అమ్మ..." అంటూ నాన్న గుంట వైపు ఉరకబోయాడు.

"నా మాట వినన్నా. ముందు లైట్లార్పండి."

ఆర్పారు. పిన్ని ఎవరూ తొక్కని చోట మోకాళ్లమీద కూర్చుని, తన టార్చిని నేలమీద పడుకోబెట్టి వెలిగించింది. అప్పటిదాకా బల్లపరుపుగా కనపడిన పొడి అంతా ఒక్కసారిగా గుంటలమయమైంది. ఏ గుంట చూసినా ఒక పక్క తెల్లగా మెరుస్తోంది, ఇంకో పక్క నల్లటి నీడ.

"ఇన్నిట్లో మా అమ్మ కర్ర గుచ్చింది ఏదో ఎట్టా తెలిసిద్ది?" అన్నాడు నాన్న నీరసంగా.

పిన్ని నన్ను దగ్గరికి లాక్కుంది. "నీ కళ్లు చురుకు, నువ్వు చూడవే. మజ్జానం పక్క క్వారీలో రాళ్లకు తూటాలు పెట్టి పేల్చారు. రాళ్లు ఎగిరొచ్చి పొడిలో కూరుకుపోయిన గుంటలివి. పైనించి వచ్చి కొట్టినదానికి చుట్టూ గట్టు లేచిద్ది, లోపలి పొడి నాలుగు వైపులా గీతల్లాగా చిమ్మిద్ది. చంద్రుడిమీద గుంటలూ అట్టా పడ్డయ్యే. కర్ర గుచ్చితే గట్టు లేవదు, పొడి చిమ్మదు. గట్టు లేని గుంట వెతుకు."

బోర్లా పడుకుని చూశాను. ఒకదానికి గట్టుంది. పక్కదానికి గట్టూ ఉంది, చుట్టూ గీతలూ ఉన్నాయి. ఇంకోటి, ఇంకోటి. కాసేపటికి సన్నటి గుంట ఒకటి కనపడింది. గట్టు లేదు. దాని పక్కనే మడమ, ఐదు వేళ్లు.

"పిన్నీ, ఇదిగో!"

అక్కణ్ణుంచి టార్చిని నేలబారుగా జరుపుకుంటూ పోయాం. అడుగులు నేరుగా నీళ్లగుంట వైపే వెళ్లాయి. నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఒడ్డుకు జానెడు దూరంలో కర్ర గుర్తులు గుంపుగా ఉన్నాయి. కర్రకు నేల తగలక, ఆవిడ అక్కడే తడుముకుని వెనక్కి తిరిగింది. తిరిగిన అడుగులు పేర్చిన రాళ్ల వెనక్కి పోయాయి. ఆ తర్వాత జారిన చార.

రాళ్ల వెనక నడుములోతు పొడిగుంటలో కూర్చుని ఉంది నాయనమ్మ. కాలు మడతపడింది. మేం రాకముందే అరిచి అరిచి గొంతు పోయింది. నాన్న ఏడుస్తూ ఎత్తుకుంటుంటే ఆయన చెవిలో గుసగుసగా అడిగింది: "మేకపిల్ల వచ్చిందంట్రా?"

కొన్నాళ్లకు పిన్ని బడిలోని చిన్న టెలిస్కోపును మా వాకిట్లోకి తెచ్చింది. అప్పుడు సగం చంద్రుడున్నాడు. వెలుగూ చీకటీ కలిసేచోట పెద్ద గుంట ఒకటి చూపించింది. చుట్టూ గట్టు, లోపలి గోడలు మెట్లు మెట్లుగా, చదునైన అడుగు, సరిగ్గా మధ్యలో చిన్న కొండ.

"రాతిపొడిలో గుంటలకు ఈ కొండ లేదే?" అన్నాను.

"చిన్న దెబ్బకు లేవదే. చానా పెద్దది వచ్చి కొడితే కుంగిన నేల మళ్లీ పైకి తన్నుద్ది, నీళ్లలో చుక్క పడ్డప్పటి మాదిరి. పున్నమినాడు చూస్తే ఇంత వివరంగా కనపడదు. ఎండ నిలువునా పడితే నీడేడ ఉండిద్ది?"

కట్టు కట్టిన కాలితో మంచంమీదున్న నాయనమ్మ, "నన్నూ చూడనియ్యండే" అంది.

"చీకట్లో నీకేం కనపడిద్దమ్మా?" అన్నాడు నాన్న.

"గొట్టంలో చంద్రుడు పగటి మాదిరి వెలుగుతాడన్నా," అంటూ పిన్ని ఆవిడను స్టూలుమీద కూర్చోబెట్టింది. నాయనమ్మ ఒక చెయ్యి నా భుజంమీద వేసి, గొట్టానికి కన్ను ఆనించింది. చాలాసేపు కదల్లేదు.

"మద్దెలో బొడిపె ఉందే," అంది చివరికి. "దాని నీడ కూడా కనపడతంది."

నాన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు.

వాళ్లెవరూ ఇప్పుడు లేరు. ఇంట్లో ఏ కష్టమో వచ్చి అందరూ తలో దిక్కుకు పరిగెత్తబోయినప్పుడు, ఉన్నచోటే ఆగమని గదమాయించే గొంతొకటి నాలో లేస్తుంది. అది పిన్ని గొంతు. అప్పుడు ఆగుతాను. ఆగిన ప్రతిసారీ నా భుజంమీద నాయనమ్మ చెయ్యి బరువు తెలుస్తుంది.