లావు పుస్తకం, లాసెట్టు

నేను లాసెట్‌కు చదివిన తీరు వింటే మీ పిల్లలకు నన్ను చూపించి భయపెడతారు. అయినా చెబుతాను. మెదక్‌లో ఎలాగూ అందరికీ తెలిసిపోయింది.

అప్పటికి డిగ్రీ అయి తొమ్మిదేళ్లు. టైలరింగ్ షాపు నడుపుకుంటున్నాను. మూడేళ్ల లా కోర్సు చేస్తానంటే మా అత్తమ్మ, "మూడు నెలలు వంటింటి దిక్కు రాకు బిడ్డా. మంచిగ చదువు" అంది. మోకాళ్ల నొప్పితోనే, మా ఆయనతో కలిపి ముగ్గురికీ వండిపెట్టింది.

తెలిసిన వకీలు సారును అడిగాను. "లా చదువుత సార్, బుక్కులుంటె ఇయ్యుండ్రి." ఏ పరీక్షకో నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. నాలుగు ఇచ్చారు. బస్టాండు దగ్గర జీకే, కరెంట్ అఫైర్స్ పుస్తకం ఒకటి కొన్నాను. లావుది ముందు, సన్నది చివర అని వరుస పెట్టాను. కష్టమైనది అయిపోతే మిగిలినవి జారిపోతాయని నా తెలివి. తలగడంత సివిల్ ప్రొసీజర్ కోడ్ పైకెక్కింది, అప్పడంలాంటి జీకే అడుగున పడింది.

బయటికి చదివేదాన్ని, అత్తమ్మ వింటూ కూర తరిగేది. ఒకరోజు మా ఆయన అన్నానికి ఆలస్యంగా వచ్చాడు.

"కూరేదమ్మా?"

"మూడుసార్లు ఫోన్ జేసిన. రాలే. ఎక్స్‌పార్టీ జేసి మేం తిన్నం."

పిలిచినా రానివాళ్లు లేకుండానే కేసు తేల్చేయడమన్నమాట. నా చదువు ఇల్లంతా పాకిందని పొంగిపోయాను.

పరీక్ష నాలుగు రోజులుందనగా స్నేహితురాలు సుజాత నర్సాపూర్ నుంచి పాత ప్రశ్నపత్రం తెచ్చింది.

"గిందుల సివిల్ ప్రొసీజర్ ఏది?" అన్నాను.

"గది సీటొచ్చినంక చదివేది. గిప్పుడు జీకే, కరెంట్ అఫైర్స్, జర లా బేసిక్స్. నువ్వేం చదివినవ్?"

చూపించాను. పుస్తకాన్ని రెండు చేతులా ఎత్తి, మెల్లగా కింద పెట్టింది. "బుక్కయితే మంచిగుంది" అంది పాపం.

నాలుగు రోజుల్లో ప్రపంచాన్నంతా మింగాను. హాల్లో అది అరగలేదు. మంజీరా ఏ నదిలో కలుస్తుందని అడిగితే, ఆ నీళ్లు తాగి పెరిగినదాన్ని, గోదావరిని వదిలేసి కృష్ణ అని నొక్కి వచ్చాను.

క్వాలిఫై కాలేదు. అత్తమ్మ మోకాళ్లు తలచుకుని గదిలో ఏడుస్తుంటే, వాకిట్లో పక్కింటామె గొంతు వినపడింది. "కోడలి పరీక్ష ఏమైంది?"

అత్తమ్మ తడుముకోలేదు. "వకీలు చదువు సగం అయిపోయింది. ఇగ సీటొక్కటే రావాలె."

ఏడుపు మధ్యలో నవ్వొచ్చి పొలమారింది.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పాత ప్రశ్నపత్రం చూడందే ఇక ఏ పుస్తకం అట్టయినా తిప్పను. లావుగా ఉంటే దాని పక్కన కూడా కూర్చోను.