గురక లేక నిద్రపట్టని మొగుడు

చంపాపేట్‌లో మా ఇంటి ఓనరమ్మ ఇస్త్రీ చేస్తూనే కునికి, మొగుడి చొక్కాలు కాల్చేది. నిద్రలో ఊపిరి ఆగుతోందని డాక్టరు మాస్కున్న మిషన్ ఇచ్చాడు. ఆమె పెట్టుకునేది కాదు.

"ఎందుకమ్మా?"

"మాస్కు పెడితే గురక రాదు సారూ. సప్పుడు లేకుంటే ఉన్ననో పోయిననో అని ఆయన పరేషానై లేపుతడు."

నాకు ఒళ్లు మండింది. మగాడి నిద్ర కోసం ఆడది ఊపిరాడక చావాలా? గంటసేపు వాదించాను. ఆమె వింటూ కునికింది.

ఓ పొద్దున తేటగా నవ్వుతూ ఎదురైంది. ఆమెను వెక్కిరించడానికి మొగుడు ఇదివరకు ఆమె గురకను రికార్డు చేసి చుట్టాలందరికీ పంపాడట. రాత్రి మాస్కు పెట్టుకుని, ఆ రికార్డింగునే అతని తలగడ పక్కన మోగించిందట.

"మరి ఆయన?"

"మంచిగ పండుకున్నడు సారూ. జర సౌండు పెంచుమన్నడు!"