చేయని తప్పుకు జుల్మానా

నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర నా కొడుకు ఫోను టింగుమంది. కుడిచెయ్యి పప్పన్నంలో ఉంది కాబట్టి ఎడమచేత్తో తీసి చూసి, హెల్మెట్ లేకుండా బండి నడిపినందుకు చలానా పడిందన్నాడు. ఫొటో కూడా వచ్చింది. కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. అందులో ఉన్న బండి వాడిది కాదు, మనిషీ వాడు కాదు. నంబరు ప్లేటు మీద మట్టి పడి ఒక అంకె ఇంకో అంకెలా కనిపిస్తోంది, అంతే. ఆ మాటే అంటే, "అవునమ్మా, నాది కాదు. దానికోసం ఎవరు తిరుగుతారు? కట్టేస్తే పోతుంది" అని బొటనవేలితో నొక్కి, ఫోను పక్కన పెట్టి, మజ్జిగ అడిగాడు. ఆ మాట చెవిలో ఉండగానే నేను నలభై ఏళ్ళకు పైగా వెనక్కి, నంద్యాల కోర్టు వరండాలోకి వెళ్ళిపోయాను. వక్కాకు వాసన, చెమట వాసన, వానకు తడిసిన నల్లకోటు వాసన కలిసిన వరండా అది. అక్కడ రోజూ వినబడే మాట అదే, కట్టేస్తే పోతుంది. ఆ మాటతో ఒంటరిగా పోట్లాడిన మనిషి ఒకాయన ఉండేవారు. నాకు వకీలు పని నేర్పిన దేవసహాయం గారు.

డెబ్బైల చివర్లో నేను ఆయన దగ్గర జూనియర్‌గా చేరాను. మా నాయన పాములపాడులో బడిపంతులు. నల్లకోటు వేసుకున్న ఆడపిల్ల కనబడితే నంద్యాల బజారులో సైకిళ్ళు ఆగే రోజులవి. మా నాయన నన్ను వెంటబెట్టుకుని తిరిగిన ప్రతి వకీలూ పిల్లకు పెళ్ళెప్పుడని అడిగాడు. దేవసహాయం గారు మాత్రం పాములపాడు నుంచి పొద్దున్నే బస్సు దొరుకుతుందా అని అడిగారు. సన్నటి మనిషి, కొద్దిగా గూని, మాట నెమ్మది. పగిడ్యాల దగ్గర పల్లెలో వాళ్ళ నాయన కూలి చేసేవాడట. ఎవరో దొంగిలించిన గొర్రెకు తానే దొంగనని పెద్దమనుషుల ముందు ఒప్పుకుని, దండుగ కట్టి బయటపడ్డాడట. ఆ రోజుకు బయటపడ్డాడు గానీ చచ్చేదాకా ఊళ్ళో గొర్రెల దొంగగానే బతికాడు. ఈ సంగతి ఆయన నాకు ఒక్కసారే చెప్పారు, అదీ ఏదో కాగితం వెతుక్కుంటూ, నా ముఖం చూడకుండా.

చేరిన కొత్తలో నాకు ఏ ఫైలూ ఇవ్వలేదు. చిన్న కేసులు పిలిచే రోజున కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చుని ఊరికే చూడమన్నారు. దీపం లేని సైకిలు, సైకిలు మీద డబుల్స్, జనాన్ని ఎక్కువ ఎక్కించుకున్న జీపు, అడ్డదారిన వచ్చిన జట్కా. పేరు పిలవడం, తప్పు ఒప్పుకుంటావా అని అడగడం, ఒప్పుకుంటా సామీ అనడం, జుల్మానా, వేలిముద్ర, తరువాతి పేరు. పొద్దుగూకక ముందే అంతమంది పని అయిపోయింది. బయటికొచ్చాక ఏం చూసినావని ఆయన అడిగితే, చట్టం ఇంత చకచకా నడుస్తుందని అనుకోలేదన్నాను. ఆయన నన్ను గేటు దగ్గర సైకిలు చక్రానికి గాలి కొట్టుకుంటున్న ఒక ముసలాయన దగ్గరికి తీసుకువెళ్ళారు. దీపం లేదని జుల్మానా కట్టి వచ్చిన మనిషి. చీకటి పడినాక పట్టుకున్నారా అని అడిగితే, "లే సామీ, పొద్దుండంగానే పట్టుకున్యారు. పగలు దీపమెవురు ఎలిగిస్తారు?" అన్నాడు. మరి ఆ మాట లోపల చెప్పలేదేమంటే, చెబితే ఇంకో రోజు రమ్మంటారనీ, కూలి పోతుందనీ చెప్పి వెళ్ళిపోయాడు. దేవసహాయం గారు ఆయన వెళ్ళినవైపే చూస్తూ, "ఒకే పొద్దు ఇంతమంది తప్పు చేసినోళ్ళు దొరుకుతారా పాపా? నేను చేయలేదు అని ఒక్కడన్నా అన్నాడా?" అన్నారు. ఆ ఒక్కడి కోసం ఆయన అప్పటికి చాలా ఏళ్ళుగా ఎదురుచూస్తున్నారని నాకు తరువాత అర్థమైంది.

ఆ ఒక్కడు మద్దిలేటి. ఆళ్ళగడ్డ మనిషి. ఆళ్ళగడ్డకూ నంద్యాలకూ మధ్య ఒక షావుకారి జీపు నడిపేవాడు. ఉతికిన తెల్లచొక్కా, నూనె రాసి దువ్విన తల. ఒక రోజు బస్టాండు దగ్గర ఒక కానిస్టేబుల్ తన బంధువులను ముందు సీట్లో కూర్చోబెట్టుకోమన్నాడు. అక్కడ నెలలు నిండిన ఆడమనిషి కూర్చుని ఉంది. ఆమెను దించనని మద్దిలేటి అన్నాడు. చెయ్యెత్తి ఆపమన్నా ఆపకుండా, జనం మీదికి పోయేట్టు నిర్లక్ష్యంగా నడిపాడని కేసు రాశారు. లైసెన్సు లాక్కున్నారు. కట్టేస్తే పోతుందని షావుకారు చెప్పాడు, తోటి డ్రైవర్లు చెప్పారు. ఒప్పుకునేటప్పుడు పక్కన ఒక వకీలు ఉంటే జుల్మానా తగ్గుతుందని ఎవరో అంటే మా దగ్గరికి వచ్చాడు.

దేవసహాయం గారు మొత్తం విని, నువ్వు ఆ తప్పు చేశావా అని అడిగారు. లేదన్నాడు. చేయలేదంటున్న మనిషివి చేశానని ఎందుకు చెప్పమంటావని అడిగారు. మద్దిలేటి తల గోక్కున్నాడు. బండి నిలబడిపోయి ఉందనీ, షావుకారు తొందరపెడుతున్నాడనీ అన్నాడు. ఒప్పుకుంటే ఆ మాట లైసెన్సు మీద రాస్తారనీ, ఇక జీవితాంతం ఏ యజమాని చూసినా ముందు అదే చదువుతాడనీ, తాను ఒక్క పైసా తీసుకోకుండా వాదిస్తాననీ ఆయన చెప్పారు. మద్దిలేటి ఆలోచించుకుని వస్తానని బయటికి వెళ్ళాడు. వేపచెట్టు కింద బీడీ తాగడం కిటికీలోంచి నాకు కనబడింది. తిరిగి లోపలికి వచ్చినప్పుడు ముఖం వేరుగా ఉంది. "నిలబడతా సార్. నేను చేయలేదని చెప్తా" అన్నాడు. ఆ సాయంత్రం దేవసహాయం గారు నాకూ ఆఫీసు ఊడ్చే ఆమెకూ మిఠాయి తెప్పించారు. ఆయన అంత సంతోషంగా ఉండటం మళ్ళీ నేను చూడలేదు.

నేను చేయలేదని మద్దిలేటి కోర్టులో చెప్పాడు. అంతవరకూ గబగబా నడిచిన చట్టం అక్కడ కూలబడింది. సాక్ష్యం చెప్పాల్సిన కానిస్టేబుల్‌కు వేరే ఊరికి బదిలీ అయింది. సమన్లు వెళ్ళాయి, ఆయన రాలేదు. వచ్చిన రోజున మేజిస్ట్రేటు సెలవు. తరువాత మేజిస్ట్రేటుకే బదిలీ అయి, కొత్తాయన రావడానికి ఒక వేసవి గడిచిపోయింది. ప్రతి వాయిదాకూ మద్దిలేటి ఆళ్ళగడ్డ నుంచి పొద్దున బస్సుకు వచ్చి, వరండాలో నిలబడి, పేరు పిలిపించుకుని వెళ్ళేవాడు. లైసెన్సు కోర్టులో ఉండిపోయింది. దానికి బదులిచ్చిన రసీదు గడువు తీరిపోయింది. కేసున్న మనిషి నాకొద్దని షావుకారు తాళాలు తీసుకుని ఇంకొకడికి ఇచ్చాడు. వేరే యజమానులు కూడా కేసు తేలాక రమ్మన్నారు. తెల్లచొక్కా మాసింది. ఒకసారి చూస్తే అరచేతులు పగిలి ఉన్నాయి. శిల్పాలు చెక్కేవాళ్ళ దగ్గర రాళ్ళు దించే పనికి పోతున్నానన్నాడు. దేవసహాయం గారు అర్జీ మీద అర్జీ పెట్టారు. మేజిస్ట్రేటు ముందు నిలబడి చేతులు జోడించినంత పని చేశారు. వాయిదా మాత్రం ఆగలేదు.

ఒక రోజు మద్దిలేటి భార్య లక్ష్మీదేవి ఒక్కతే ఆఫీసుకు వచ్చింది. చంకలో పిల్ల ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. దేవసహాయం గారి బల్ల ముందు నిలబడి, గొంతు పెంచకుండా, "మీ మాట ఇని నిలబన్యాడు సార్. ఇంగ మీరే కూర్చోబెట్టండి" అంది. ఒప్పేసుకోమని మీరు చెబితే వింటాడని, ఇంట్లో చెబితే వినడం లేదని అంది. ఆయన అలాగేనమ్మా అన్నారు. మళ్ళీ వాయిదాకు మద్దిలేటిని లోపలికి పిలిచి, ఇప్పటికైనా ఒప్పుకుంటే ఈ రోజే లైసెన్సు చేతికొస్తుందని చెప్పారు. ఆ మాట ఆయన నోట్లోంచి రావడం ఎంత కష్టమైందో పక్కన కూర్చున్న నాకు తెలుసు. మద్దిలేటి ఆయనను విచిత్రంగా చూశాడు. "మీరే గదా సార్ చెప్పింది. చేయనిదాన్ని చేసినానని ఎట్ల చెప్తా? నా బిడ్డలు అడిగితే ఏమనల్ల?" అన్నాడు. దేవసహాయం గారు నేర్పిన పాఠం అంత బాగా అబ్బింది. వెనక్కి తీసుకోవడం మాత్రం ఆయన చేతిలో లేకుండా పోయింది.

ఆ తరువాతి వాయిదాకు మద్దిలేటి రాలేదు. బండలు దించుతుంటే ఒకటి జారి ఎడమకాలి మీద పడిందని బావమరిది వచ్చి చెప్పాడు. కర్నూలు ఆస్పత్రిలో ఉన్నాడన్నాడు. కాలు దక్కింది గానీ మోకాలి కింద చచ్చుబడిపోయింది.

కేసు చివరికి విచారణకు వచ్చింది. కానిస్టేబుల్ వచ్చి బోనెక్కాడు. దేవసహాయం గారు అడిగింది కొద్ది ప్రశ్నలే. ఆ రోజు జీపులో ముందు ఎవరు కూర్చున్నారో, బండి ఏ వైపు పోయిందో, ఎవరి మీదికి పోయిందో కానిస్టేబుల్‌కు గుర్తులేదు. ఎన్నో కేసులు రాస్తామండీ, అన్నీ యాడ గుర్తుంటాయి అన్నాడు. ఆ మాటకు హాల్లో ఎవరో నవ్వారు. కేసు కొట్టేశారు. బావమరిది భుజం పట్టుకుని, చంకకింద కర్రతో నిలబడ్డ మద్దిలేటికి లైసెన్సు తిరిగి ఇచ్చారు. అతను దాన్ని తెరిచి, ఒక్కొక్క పేజీ తిప్పి చూశాడు. మా దగ్గరికి వచ్చి, "ఏం రాయలేదు సార్, బాగుండాది" అని కర్ర పక్కకు ఆనించి రెండు చేతులూ జోడించాడు. క్లచ్ తొక్కాల్సిన కాలు నేలకు ఆనడం లేదు. దేవసహాయం గారు నమస్కారానికి ప్రతినమస్కారం చేయలేకపోయారు. చేతులు కొద్దిగా లేచి కోటు దగ్గరే ఆగిపోయాయి.

కొన్నాళ్ళకు నన్ను వెంటబెట్టుకుని ఆళ్ళగడ్డ వెళ్ళారు. మద్దిలేటి ఇంటి ముందు అరుగు మీద బీడీలు, అగ్గిపెట్టెలు పెట్టుకుని అమ్ముతున్నాడు. మమ్మల్ని చూసి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. నంద్యాలలో ఏదైనా కూర్చుని చేసే పని చూస్తానని దేవసహాయం గారు అంటుండగా లక్ష్మీదేవి మంచినీళ్ళ చెంబు తెచ్చి పెట్టింది. "ఇంగా ఏం చేయల్లని వచ్చినారు సార్?" అంది. అందులో కోపం లేదు, నిజంగానే అడిగింది. మద్దిలేటి ఆమెను ఊరుకోమని, మీరు నాకు చెడ్డ చేయలేదు సార్ అన్నాడు. ఆయన నీళ్ళు తాగి లేచారు. తిరుగు బస్సు శిరివెళ్ళ మెట్ట దాటింది. తరువాత కిటికీలోంచి శనగ చేలు చూస్తూ, "వాని దగ్గర నిజం తప్ప ఏం లేదనుకొన్యా పాపా. ఆ పొద్దు వాని దగ్గర జీపు ఉన్నింది, కాళ్ళు ఉన్నింటివి. నాకు మా నాయన తప్ప ఏం కనపడలేదు" అన్నారు.

ఆ తరువాత ఆయన పెద్ద కేసులు ఒక్కొక్కటే నాకు వదిలేశారు. చిన్న కేసుల రోజున మాత్రం తప్పకుండా కోర్టుకు వచ్చి వరండాలో ఒక స్తంభానికి ఆనుకుని నిలబడేవారు. ఒక రోజు నేను హాల్లోంచి బయటికి వస్తుంటే, ఒక రిక్షా అతని భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతున్నారు. తాను ఆ వైపే పోలేదని అతను మొత్తుకుంటున్నాడు. "నువ్వు పోలేదని నాకు తెలుసు నాయనా. ఒప్పుకో. ఒప్పుకొని బేగా ఇంటికి పో" అంటున్నారు దేవసహాయం గారు. నేను గోడ చాటుకు జరిగాను. ఆయన నన్ను చూడకూడదనుకున్నాను. జీవితమంతా ఏ మాటతో పోట్లాడారో ఆ మాటనే ఆయన గొంతులో వినాల్సి వచ్చింది. అంతకంటే ఆయన చనిపోయారన్న వార్తే తేలిగ్గా ఉండేదేమో అనిపించింది.

ఎనభైల మధ్యలో ఆయన మంచం పట్టారు. చూడ్డానికి వెళ్ళినప్పుడు, ఎంతో కాలంగా అడగలేకపోయింది అడిగాను. మద్దిలేటికి మొదట చెప్పింది సరైనదా, వరండాలో చెబుతున్నది సరైనదా అని.  "తెలిసింటే నీకు చెప్పకుండా పోతానా పాపా?" అన్నారు. ఆ వానాకాలం దాటకుండానే పోయారు. సమాధి దగ్గర జనంలో మద్దిలేటిని వెతికాను. రాలేదు. వచ్చే కాలు కాదని తెలిసీ వెతికాను.

ఇన్నేళ్ళూ నేను అదే ఊళ్ళో, అదే పనిలో ఉన్నాను. చేయని తప్పుకు ఇరుక్కున్న మనుషులు ఇప్పటికీ వస్తారు. నిలబడితే ఏం జరుగుతుందో, ఒప్పుకుంటే ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు చెబుతాను. ఏ పని చేస్తావు, ఆ పని ఆగితే ఇంట్లో ఎవరు పస్తుంటారు అని అడుగుతాను. మీరేం చేయమంటారు మేడమ్ అంటారు. ఆ ఒక్కదానికి జవాబు చెప్పను. ఇంట్లో ఆడవాళ్ళతో మాట్లాడుకుని, వాళ్ళను వెంటబెట్టుకుని రమ్మంటాను. ఎక్కువమంది మళ్ళీ రారు. ఎందుకు రాలేదో నేను ఎవరినీ అడగను. వాళ్ళ పిల్లలు ఆ పూట అన్నం తిన్నారని నాకు నేను చెప్పుకుంటాను. అది అబద్ధం కాదు. అయినా ఎప్పుడైనా ఒకడు, భార్య పక్కన నిలబడి ఉండగా, నేను చేయలేదని చెబుతాను మేడమ్ అంటే, నా గుండె ఒక్క క్షణం సంతోషంతో పొంగుతుంది. ఆ వెంటనే భయంతో చల్లబడిపోతుంది.