బిడ్డ చెంప, బాపు చొక్కా

బాలింతగా ఉన్న ఆ మూడు వారాలు నాకు ఇప్పటికీ వరుసగా గుర్తు రావు. చెవుల్లో దూది, తలకు కట్టిన గుడ్డ, గదినిండా సాంబ్రాణి పొగ. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో రెండో అంతస్తు మా అమ్మవాళ్ళ కిరాయి ఇల్లు. స్టేషన్‌లో చెప్పే మాటలు కిటికీలోంచి వచ్చి, దూదిని దాటుకుని సగం సగం వినిపించేవి. ఏ రైలో, ఎక్కడికి పోతుందో తెలిసేది కాదు గానీ ఆలస్యమని మాత్రం తెలిసేది. నేనూ బిడ్డా ఒకరి వెనక ఒకరం నిద్రలోకి జారిపోయేవాళ్ళం. లేచేసరికి ఎండ గోడ మీద ఇంకో చోట ఉండేది.

మా వైపు తొట్టెల, అంటే ఉయ్యాల, వేసే ఇరవై ఒకటో రోజు దాకా బిడ్డకు కొత్త బట్ట తొడగరు. అమ్మ తన పాత నూలు చీరలు రెండు చింపి చిన్న చిన్న గుడ్డలు చేసింది. ఒకటి పసుపుపచ్చ, ఒకటి వంకాయరంగు. రెండూ వెలిసి వెలిసి చివరికి ఒకే రంగుకు వచ్చేశాయి. దండెం మీద అవి ఆరుతుంటే, నా చిన్నప్పటి రోజులన్నీ ముక్కలై గాలికి ఊగుతున్నట్టు ఉండేది.

పదో రోజు పొద్దున బిడ్డ కుడి చెంప ఎర్రగా దద్దురు కట్టింది. పిల్లల డాక్టరమ్మకు ఫొటో పంపితే, ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, "బట్టలు దేనితో ఉతుకుతున్నరు?" అని. అమ్మ నా మొహం చూసింది, నేను అమ్మ మొహం చూశాను. ఇంటిల్లిపాది బట్టలకు వాడే ఘాటు పౌడరే బిడ్డ గుడ్డలకూ వాడుతున్నాం. డాక్టరమ్మ వాసన లేని, రంగు లేని, ఘాటు లేని లిక్విడ్ తెచ్చుకోమంది, బాగా జాడించమంది. అంతే, పెద్ద భయమేమీ లేదంది. భయపడొద్దని ఎవరైనా చెబితే నాకు ఇంకా ఎక్కువ భయం.

నేను గడప దాటకూడదు. అమ్మ నన్ను వదిలి కదలదు. కాబట్టి బాపు బయలుదేరాడు.

బాపు బయలుదేరడం అంటే చిన్న సంగతి కాదు. లక్డీకాపూల్‌లో ఒక సర్కారీ ఆఫీసులో అటెండర్‌గా చేరి, అక్కడే రిటైరయ్యాడు. రెండేళ్ళవుతోంది. అయినా పాల పాకెట్‌కు వెళ్ళాలన్నా గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కానే. ప్రతి ఆదివారం పొద్దున తానే గంజి కాచి, నీలిమందు కలిపి, వారం చొక్కాలన్నీ ముంచి పిండేవాడు. అమ్మను ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆరిన చొక్కాలు తలుపుకు ఆనిస్తే నిలబడేవి. నడుస్తుంటే కరకరమని చప్పుడు. చిన్నప్పుడు ఆ చప్పుడు మెట్ల మీద వినబడగానే మేం పుస్తకాలు తీసేవాళ్ళం.

కాగితం మీద పెద్దక్షరాలతో రాసిచ్చాను: వాసన ఉండొద్దు, రంగు ఉండొద్దు. బాపు అబిడ్స్ అంతా తిరిగి, సుల్తాన్ బజార్ దాకా పోయి, అన్నం వేళకు గులాబీ రంగు సీసాతో వచ్చాడు. మూత తీయకముందే గది మల్లెపూల దుకాణమైంది.

"నాలుగు దుకాండ్లల్ల మూతలు తీసి సూసిన బిడ్డా. గిదే మంచిగున్నది" అన్నాడు.

"వాసన వద్దని రాసిచ్చిన కద బాపూ!"

"వాసన లేకుంటే ఉతికినట్టు ఎట్ల తెలుస్తది?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజుల్లో అయితే ముక్కు కొస మీద. ఏవో నాలుగు మాటలు అనేశాను. బాపు సీసా మూత గట్టిగా బిగించి బాత్రూమ్ అటక మీద పెట్టాడు.

తర్వాత రెండు రోజులు అమ్మ రాజ్యం. "మిమ్ములను గిట్లనే పెంచిన" అంటూ కుంకుడుకాయలు కొట్టి, నానబెట్టి, నురుగు తీసి గుడ్డలు ఉతికింది. ఇల్లంతా తలంటు రోజు వాసన. గుడ్డలు ఇంకాస్త గోధుమరంగుకు తిరిగాయి. చెంప మాత్రం తన ఎరుపు తాను వదల్లేదు.

బాపు మళ్ళీ వెళ్ళాడు. ఈసారి అబిడ్స్‌లో ఒక మందుల షాపతను కౌంటర్ దిగి వచ్చేదాకా నిలబడి, సీసా వెనక చీమల్లాంటి అక్షరాలన్నీ చదివించుకుని మరీ తెచ్చాడు. పిల్లల బట్టల లిక్విడ్. నా మంచం పక్కన కూర్చుని మూత తీసి ఒకసారి, రెండుసార్లు వాసన చూశాడు.

"నీళ్ళ తీరే ఉన్నది బిడ్డా. నమ్మబుద్ధి అయితలేదు" అన్నాడు.

అమ్మ గుడ్డలన్నీ దానితో ఉతికి, మూడు నీళ్ళల్లో జాడించి ఎండేసింది. నా చీరలు, దుప్పట్లు, దిండు గలీబులు కూడా వదల్లేదు. రెండు రోజులు ఆగాం. ఎడమ చెంప వెన్నముద్దలా ఉంది. కుడి చెంప అలాగే ఉంది.

ఆ మధ్యాహ్నం నేను నిద్రలో ఉన్నానో మెలకువలో ఉన్నానో చెప్పలేను. తెర ఊగుతోంది. ఎక్కడో రైలు కూత. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు బాపు బిడ్డను ఎడమ భుజాన వేసుకుని నడుస్తున్నాడు. కర, కర, కర. ఆ చప్పుడు పట్టుకుని నేను ఎక్కడికో వెళ్ళిపోయాను. మొజంజాహీ మార్కెట్ దగ్గర ఐస్‌క్రీం తిని, మూతి కడుక్కోకుండానే బాపు భుజం మీద నిద్రపోయాను. నా చెంప కింద కాలర్ అట్టముక్కలా ఉంది. గుచ్చుకుంటోంది. అయినా దిగను. ఇంటికొచ్చాక అమ్మ నా చెంప మీది గీతను వేలితో రుద్దుతోంది.

కళ్ళు తెరిచాను. బాపు ఇటు తిరిగాడు. బిడ్డ కుడి చెంప ఆ చొక్కా మీద అదుముకుని ఉంది. రోజూ అదే భుజం, అదే చెంప.

ఐదు రోజులుగా బిడ్డను తాకే గుడ్డలన్నీ ఉతికాం గానీ, బిడ్డను ఎత్తుకునే మనిషి చొక్కా సంగతి ఎవరికీ తట్టలేదు. ఆ గంజి, నీలి, ఘాటు పౌడరు అన్నీ బాపు భుజం మీదే ఉన్నాయి.

తెలిసింది సరే, చెప్పడం ఎలా? ఆ చొక్కా వెనక ఉన్న కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. ఊళ్ళో కూలి చేసుకునే ఇంట్లోంచి వచ్చి ఉద్యోగంలో చేరిన మొదటి వారం, నలిగిన చొక్కా చూసి ఆఫీసు గేటు దగ్గర ఆపేశారట. అర్జీ పెట్టుకునేవాళ్ళు అటు పక్కకు పోవాలన్నారట. ఆ సాయంత్రమే బాపు మొదటిసారి గంజి కాచాడు. ఇక రిటైరయ్యాక ఆయనకు ఆ ఇంట్లో తనదంటూ దొరికిన పని ఒక్కటే, బిడ్డను నిద్రపుచ్చడం. నా దగ్గరా అమ్మ దగ్గరా ఏడ్చి ఏడ్చి, ఆ భుజం మీద పడగానే ఊరుకునేది. బిడ్డను దింపమనాలా, గంజి మానమనాలా? రెండూ నా నోటితో అనలేను.

"బాపూ, జర భుజం మీద తువ్వాల ఏసుకో" అన్నాను. వేసుకున్నాడు. గంజి మీద నుంచి తువ్వాలు నాలుగడుగులకొకసారి జారేది. కాలర్ ఎలాగూ తగిలేది. చివరికి వంటింట్లో అమ్మ చెవిలో గొణిగాను, చొక్కా వల్లే దద్దురు వస్తోందని. వెనక్కి తిరిగితే గుమ్మంలో బాపు, చేతిలో ఖాళీ టీ గ్లాసుతో.

గ్లాసు గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రెండు రోజులు బిడ్డను ముట్టుకోలేదు. బాల్కనీలో పేపరు పట్టుకుని కూర్చునేవాడు. బిడ్డ ఏడిస్తే పేపరు కదిలేది, ఆయన లేచేవాడు కాదు. అమ్మ పిలిస్తే, "మీరే సూస్కోన్రి" అనేవాడు. బిడ్డ చెంప నెమ్మదిగా తగ్గింది. నాకు సంతోషం రావాలి కదా, రాలేదు. ఆ ఎరుపే మళ్ళీ వచ్చినా బాగుండునని ఒక్క క్షణం అనిపించి, నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆదివారం వచ్చింది. ఇంట్లో గంజి వాసన రాలేదు. నేను దిండు మీద తల తిప్పి బాల్కనీ వైపు చూశాను. దండెం మీద అమ్మ చీర ముక్కల పక్కన బాపు తెల్ల చొక్కాలు ఆరేసి ఉన్నాయి. నీలి మెరుపు లేదు. చేతులు వేలాడేసి, బిడ్డ గుడ్డల్లాగే గాలికి మెత్తగా ఊగుతున్నాయి. కింద బకెట్ దగ్గర బాపు ఒంటి మీద బనీనుతో కూర్చుని ఉన్నాడు. పక్కన వాసన లేని ఆ సీసా.

"ఐదు నీళ్ళల్ల జాడించిన" అన్నాడు నా వైపు చూడకుండానే. "పాత గంజి కద బిడ్డా, తొందరగ ఇడుస్తలేదు."

నేను ఏడ్చాను. బాలింత ఏడవకూడదని అమ్మ కోప్పడింది.

ఇరవై ఒకటో రోజు తొట్టెలకు చుట్టాలతో పాటు ఆఫీసు పాత దోస్తులు కూడా వచ్చారు. బాపు ఇస్త్రీ కూడా చేయించలేదు. మడతలు బిగుసుకుంటాయని భయం. నలిగిన చొక్కాతో, ఎడమ భుజాన బిడ్డతో గుమ్మంలో నిలబడ్డాడు. ఆఫీసులో అన్నేళ్ళూ పక్కన పని చేసిన ఒకాయన ఆయన్ని కింది నుంచి పైదాకా చూశాడు.

"ఏందన్నా గిట్లున్నవు? పానం మంచిగ లేదా?"

బాపు బిడ్డ వీపు మీద చెయ్యి తీయలేదు.

"మంచిగనే ఉన్న. జర మెల్లగ మాట్లాడు, పిల్ల పండుకున్నది."

అందరూ వెళ్ళాక బాపు మంచం అంచున కూర్చున్నాడు, బిడ్డ ఇంకా భుజం మీదే. నేను పక్కన చేరి కుడి భుజం మీద చెంప ఆనించాను. చొక్కా చప్పుడు చేయలేదు. గుచ్చుకోలేదు. ఏ వాసనా లేదు, బాపు ఒంటి వాసన తప్ప. ఇన్నేళ్ళూ అది గంజి కింద ఉండిపోయిందని నాకు తెలియనే తెలియదు.